ఆటలోని మాట మన మాట కావలెను

వైకుంఠపాళి నెఱుగని తెలుగు ఇల్లు అరుదు. శివరాత్రి జాగరణమునాడు పటము పఱచి గవ్వలు వేసినవారికి అందలి గడులలో వ్రాసిన పేర్లు నేటికిని నోటనే యుండును. నిచ్చెన మొదట నొక సద్గుణము పేరు. పాము తలయొద్ద నొక దుర్గుణము పేరో, పురాణములలోని రాక్షసుని పేరో కానవచ్చును. పరమపదము చెంతకు వచ్చినపిమ్మట అరుకాషుని నోట బడుదుమేమో యని గుండె దడదడలాడని బాలిక యుండదు. చదువురాని పిల్లలకు అవ్వయో, అక్కయో గడిలోని మాట చదివి చెప్పుచుండెడివారు. ఆట ముగియుసరికి పిల్లలకు మంచిచెడుల పేర్లు కంఠస్థమగుచుండెను.

ఈ యాట పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండునకు బోయినది. పాములును నిచ్చెనలును అట్లే నిలిచినవి గాని, గడులలోని మాటలు మారినవి. భక్తి, జ్ఞానముల స్థానమున పొదుపు, కష్టించి పనిచేయుట, పశ్చాత్తాపము అనునవి చేరినవి. 1943లో అమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీ సంస్థవారు పాములను గూడ తొలగించి జారుడుబల్లలను పెట్టి, చిన్నపిల్లల మంచిపనులను, అల్లరిపనులను బొమ్మలుగా చిత్రించిరి. ఆట యొక్కటే, అందలి మాటలను మాత్రము ఏ దేశపువారు ఆ దేశపువారు తమ పిల్లలకు తగినట్లు దిద్దుకొనిరి. మన చేతులలో బుట్టిన యాటను పరులు దిద్దుకొనగా, పరుల చేతులలో బుట్టిన యాటలను మనము దిద్దుకొనరాదా?

ఇప్పుడు మన పిల్లల చేతులలో నున్నది గవ్వలు కావు, ఫోను. సూర్యాపేట జిల్లాలోని పెన్‌పహాడ్ వంటి మండలమును దీసికొనుడు. 2020లో బడులు మూతపడి పాఠములు టీవీలకును ఫోనులకును ఎక్కిన నాటినుండి ఫోను పల్లెటింటిలో పిల్లల వస్తువైనది. పాఠములతోబాటు ఆటలును వచ్చినవి. 2022-23వ విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. అది పిల్లల భవిష్యత్తునకు మేలనువారితో వాదము పెట్టుకొనుట నా యుద్దేశము కాదు. కాని బడిలోని భాష ఇంగ్లీషు, ఆటలోని భాష ఇంగ్లీషు అయినచో, తెలుగు మిగులునది వంటయింటనే. ప్రక్కన గూర్చున్న నాయనమ్మ, "ఏమి వ్రాసియున్నదిరా?" యని యడిగినను పిల్లవాడు చెప్పలేడు. అతడు ఆట నెఱుగును గాని ఆటలోని మాట నెఱుగడు.

వీడియో ఆటలోని మాటలు మార్చుటకు వీలుగానివని మనలో చాలమంది తలంపు. అది నిజము కాదు. ఆటను నిర్మించువారు బొమ్మలను, ధ్వనులను, నియమములను, మాటలను సాధారణముగా వేఱువేఱుగా నుంచెదరు. అనేక దేశములలో అమ్మవలసిన సరుకు గావున, మాటలనన్నిటిని ఒక ఫైలులో జాబితాగా వ్రాసియుంచుట వాడుక. ప్రతి పంక్తికిని రెండు భాగములుండును: ఎడమవైపు యంత్రము గుర్తించు సంకేతనామము, కుడివైపు మన కంటికి గనబడు మాట. ఎడమదానిని ముట్టరాదు, కుడిదానిని మార్చవచ్చును. ఇది వంటయింటి డబ్బాలపై నంటించిన చీటీల వంటిది. చీటీపై "కందిపప్పు" అని తెలుగున వ్రాసినను ఇంగ్లీషున వ్రాసినను లోని పప్పు మారదు.

స్వీడన్ దేశమున బుట్టి 2011లో పూర్తిరూపము దాల్చిన మైన్‌క్రాఫ్ట్ అను ఆటను మన పిల్లలు పలువురెఱుగుదురు. అందు మాటలు మార్చుకొనుటకు నిర్మాతలే దారి యుంచిరి. రిసోర్స్ ప్యాక్ అని పిలువబడు చిన్న మూటను మనము తయారుచేసి చేర్చినచో, అది అసలు ఆటపై దుప్పటివలె గప్పుకొని మన మాటలను జూపును. తీసివేసిన అసలు ఆట చెక్కుచెదరకుండ నుండును. ఇట్లు పెట్టెను "సందుగ" యనియు, ఇనుము కరిగించు పొయ్యిని "కొలిమి" యనియు, బకెట్టును "బొక్కెన" యనియు మన యూరి మాటలతోనే పిలుచుకొనవచ్చును. కొలిమి యననేమో తెలియని పిల్లవానికి ఆ మాట ఆటలోనే పట్టువడును.

మాట మార్చుటవలన గలుగు ఫలము భాషతో ముగియదు. 2012లో కెనడా దేశస్థుడైన మైక్ హోయ్ అను కంప్యూటరు నిపుణుడు తన చిన్నకుమార్తెతో గూడి "విండ్ వేకర్" అను నింటెండోవారి ఆట నాడుచుండెను. కథానాయకుడు తన చెల్లెలిని రక్షించుటకు సముద్రయానము చేయు కథ అది. చదువురాని ఆ పసిపిల్లకు తండ్రి తెరపై మాటలను చదివి వినిపింపవలెను. "అతడు" అనిన చోటనెల్ల "ఆమె" యని అప్పటికప్పుడు మార్చి చదువవలసి వచ్చుచుండెను. తుదకాయన ఆటలోని మాటలనే మార్చివేసెను. నాయకుడు నాయిక యయ్యెను. ఒక్క బొమ్మయు మారలేదు. అయితే ఆ పాత ఆటలో మాటలకు కొలిచిన చోటు మాత్రమే యుండుటచే, తీసివేసిన మాటకు ఎన్ని యక్షరములో చేర్చిన మాటకును అన్నియే యుండునట్లు ఏరుకొనవలసి వచ్చినది. మఱుసటియేడు, 2013లో, అమెరికాలో మైక్ మికా అను ఆటల నిర్మాత తన పసికూతురు కోరగా "డాంకీ కాంగ్" అను పాత ఆటలో చెఱబడిన వనితయే వచ్చి నాయకుని విడిపించునట్లు మార్చియిచ్చెను. ఆడుపిల్ల ఎల్లప్పుడును రక్షింపబడవలసినదే కాని రక్షింపవలసినది కాదను పాఠమును తమ యింట చెప్పనీయకుండ ఆ తండ్రులు చేసిన పని యిది.

ఇదే పనిని తెలుగున జేయబూనిన మన భాషయొక్క స్వభావము ముందుగా నెఱుగవలెను. ఇంగ్లీషున క్రియాపదము స్త్రీపురుషులకు మారదు. మనకు "వచ్చినాడు" వేఱు, "వచ్చినది" వేఱు. అందును ఏకవచనమున "ఆవు వచ్చినది, బండి వచ్చినది, అమ్మాయి వచ్చినది" అని స్త్రీని పశువులతోను వస్తువులతోను జేర్చి చెప్పుదుము. బహువచనమున మాత్రము "వారు వచ్చిరి" అని పురుషులతో సమానముగా నిలుపుదుము. ఆడుచున్నది బాలుడో బాలికయో యంత్ర మెఱుగదు గదా! "గెలిచినాడు" అని వ్రాసినచో బాలిక చిన్నబోవును. దీనికి మూడు దారులు కలవు. ఒకటి, "నీవు గెలిచితివి" అని ఎదుటివారితో బలికినట్లు వ్రాయుట. రెండు, "మీరు గెలిచినారు" అని గౌరవముగా బలుకుట. మూడు, గ్రంథభాషలోని "గెలిచెను" అను రూపమును గైకొనుట. అది రాముడు గెలిచినను సీత గెలిచినను చెల్లును. పాతదని మనము ప్రక్కనబెట్టిన రూపమే క్రొత్త యంత్రమున కక్కఱకు వచ్చుట వింత గాదా?

విభక్తుల చిక్కు మఱియొకటి. ఆటగాని పేరు వచ్చుచోట ఫైలులో నొక గుర్తు మాత్రమే యుండును. యంత్రము పేరును ఉన్నదున్నట్లు అతికించును. "రాముడు చేత" అని తెలుగు కాదు, "రామునిచేత" కావలెను. కావున వాక్యమును త్రిప్పి, పేరు ప్రథమావిభక్తిలోనే నిలుచునట్లు "రాముడు గెలిచెను" అని వ్రాయుట మేలు. "1 గవ్వలు" అని పడకుండ ఏకవచనమునకును బహువచనమునకును వేఱువేఱు పంక్తులున్నవేమో చూచుకొనవలెను.

లిపి విషయమున గూడ జాగ్రత్త కావలెను. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగు చేరినది గాని, కొన్ని యాటల యంత్రాంగము అక్షరములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చుటయే యెఱుగును. ఒత్తును క్రింద జేర్చుట దానికి రాదు. అట్టిచో మాటలు విఱిగి కనబడును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. వాడుకలోనున్న పద్ధతి ప్రకారము "క్ష"కు తొమ్మిది బైట్లు కావలెను. కావున మొదట పది మాటలు మార్చి, ఒత్తులు సరిగా వచ్చినవో లేదో చూచి, పిమ్మట తక్కినవి మొదలుపెట్టుట తెలివి. ఒత్తులు చెడినచో సందుగ, కొలిమి వంటి ఒత్తులు లేని మాటలను ఏరుకొనవచ్చును.

కొన్ని హెచ్చరికలు చెప్పక తప్పదు. మార్పునకు ముందు అసలు ఫైలుకు ప్రతి తీసి భద్రపఱచుకొనుడు. ఆటను ధర్మముగా గొని, మీ యింటి ప్రతికి మాత్రమే మార్పులు చేసికొనుడు. పరుల ఆటను మొత్తముగా పంచిపెట్టుట తగదు. పలువురతో కలిసి ఆడు పందెపు ఆటలలో ఫైలులను ముట్టినచో మోసముగా నెంచి వెలివేయుదురు. ఊరు పేరు లేని చోట్లనుండి తెచ్చిన మూటలలో ఫోనును చెఱచు పురుగులుండవచ్చును.

ఈ పని స్త్రీలకేల యని యెవరైన నడుగవచ్చును. ఫైలు తెఱచుట పదవ తరగతి చదువు పిల్లవాడును చేయగలడు. కాని ఏ వస్తువునకు ఏ పేరు, ఏ సందర్భమున ఏ పలుకుబడి, ఏ మాట పిల్ల మనస్సును నొప్పించును, ఏ మాట ధైర్యమిచ్చును అనునవి ఇంటి ఇల్లాలికే తెలియును. ఓడినప్పుడు ఇంగ్లీషు ఆట "చచ్చితివి" అనును. తల్లి యైనచో "లెమ్ము, మఱల పోదము" అని వ్రాయును. ఆ భేదము యంత్రమునకు దొరకదు.

ఈ సీమ నిజాం రాజ్యములో నున్న దినములలో అధికారభాష ఉర్దూ. అట్టికాలమున, 1922లో, షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నల్లగొండనుండి "నీలగిరి" పత్రికను వెలువరించి తెలుగు మాటను ఇంటింటికి జేర్చిరి. వారికి అచ్చుయంత్రము కావలసి వచ్చెను. మనకు బిడ్డ చేతిలోని ఫోనో, ఇంటిలోని కంప్యూటరో, సెలవునాటి యొక మధ్యాహ్నమో చాలును. సోదరీమణులారా! బిడ్డను ప్రక్కన గూర్చుండబెట్టుకొని, ఆటలోని పది మాటలను మీ మాటలలో చెప్పుడు; వానిని వ్రాయు పని బిడ్డకే యప్పగింపుడు. ఆమె వ్రాసిన తెలుగు తెరపై వెలుగునాడు నాయనమ్మయు కన్నులద్దములు సవరించుకొని ఆటలో గలియును.