టోపీ జేబులో పెట్టుకున్న శ్రోత

కచ్చేరీ అన్న మాట మన ఉర్దూ 'కచహరీ'యేనని చెబితే మా బడిలో తెలుగు పంతులుగారు మొదట నమ్మలేదు. పాట బాగుంటే ఆయన తొడ చరిచి అనే 'శభాష్' కూడా ఫారసీదే. 'షాద్ బాష్', అంటే సంతోషంగా ఉండు అని. సన్నాయి మన షహనాయికి చుట్టం. ఇన్ని మాటలు ఇచ్చిపుచ్చుకున్నాక కూడా నేను ముప్ఫై ఏళ్లపాటు కచ్చేరీలకు దొంగలా వెళ్లి వచ్చాను.

1983లో నాకు పద్నాలుగేళ్లు. గుడివాడ వైపు ఒక మదరసాలో చదువుతున్నాను. శ్రీరామనవమి రాత్రి ఇషా నమాజు అయ్యాక నేనూ మరో కుర్రాడూ కాలువ గట్టు మీదుగా పక్క ఊరికి వెళ్లాం. తాటాకు పందిరి, పానకం బిందెలు, గట్టు దాకా జనం. సన్నాయి వాయించబోయే పెద్దాయన పేరు మైకులో చెప్పారు. 'షేక్' అని మొదలైంది. నేను అలాగే నిలబడిపోయాను. రాముడి పందిట్లో మనవాడు! ఏ రాగమో అప్పుడు తెలియదు. తెల్లవారుజామున గేటు దగ్గర ఉస్తాద్ నిలబడి ఉన్నారు. చుట్టాలింటికి వెళ్లానన్నాను.

"అబద్ధం ఏ మజ్హబులోనూ జాయిజ్ కాదు. ముందు దానికి తౌబా చెయ్యి. పాట సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ 'తర్వాత' రావడానికి ఆరేళ్లు పట్టింది. చదువు పూర్తయి వచ్చేస్తున్నప్పుడు ఆయన ఇమామ్ గజాలీ గారి 'ఇహ్యా ఉలూమిద్దీన్' తీసి, సమా గురించిన అధ్యాయం చదివించారు. వినడానికి తగిన సమయం, తగిన చోటు, తగిన సహవాసం ఉండాలని హజ్రత్ జునైద్ చెప్పిన మాట అందులో ఉంది. వాద్యాలు కూడదన్న ఫుఖహాలే ఎక్కువమంది. చిష్తీ బుజుర్గులు సమా విన్నారు, నక్ష్‌బందీలు దూరంగా ఉన్నారు. వందల ఏళ్లుగా పెద్దలు తేల్చని ఈ విషయాన్ని ఒక బడి పంతులు తేల్చబోవడం లేదు. ఉస్తాద్ మాత్రం తాను వినలేదు, నన్ను వినవద్దనీ అనలేదు.

విజయవాడలో ఉద్యోగం వచ్చాక నా పిచ్చి పెరిగింది. ఈ ఊరు సంగీతానికి పుట్టిల్లు లాంటిది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు శిష్యుల్ని తయారుచేసింది ఇక్కడే. ఆయన శిష్యుడు బాలమురళీకృష్ణ గారు ఇక్కడి సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్. 1948లో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో వెనక వరుస, తలుపు పక్క కుర్చీ నాది. టోపీ తీసి జేబులో పెట్టుకునేవాణ్ణి. తెలిసినవాళ్లు చూస్తారేమోనని ఒక భయం, మనకేం పని ఇక్కడ అని ఎవరైనా అంటారేమోనని ఇంకో భయం. నిజం చెప్పాలంటే ఎవరూ ఏనాడూ అనలేదు.

కొండపల్లి ఉర్సులో ఖవ్వాలీకైతే టోపీతోనే వెళ్లేవాణ్ణి. అక్కడ ఒక సంగతి గమనించాను. గుంపులో ఎవరికైనా ఒక మిస్రా గుండెకు తగిలి కళ్లు చెమ్మగిల్లితే ఖవ్వాల్ ముందుకు పోడు. ఆ మిస్రానే తిప్పి తిప్పి పాడతాడు. అతని చూపు హార్మోనియం మీద ఉండదు, మన ముఖాల మీద ఉంటుంది. క్యాసెట్టు మనల్ని చూడదు కదా. నజరానా నోట్లు విసిరి గోల చేసేవాళ్లంటే మాత్రం నాకు పడదు. వాళ్లు విన్నట్టు కాదు, కనిపించినట్టు.

మన తీరాంధ్రలో దూదేకుల ముస్లింల సన్నాయి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ రాదని మావాళ్లు వాళ్లను చిన్నచూపు చూడటం నేనెరుగుదును. నేనూ తక్కువ తినలేదు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు ఆ వాద్యంతోనే శ్రీరంగం చేరి, అక్కడే స్థిరపడ్డారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చి, పైన తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ విద్వాంసులకు శిష్యుడయ్యారు. 1998లో సంగీత కళానిధి వచ్చిందని పేపర్లో చదివి, ఒక్కసారి వెళ్లి ఎదురుగా కూర్చుని వినాలనుకున్నాను. సెలవులు రానీ అనుకున్నాను. 1999 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. రేడియోలో వినడమే నాకు మిగిలింది.

నా టోపీ దొంగతనం బయటపెట్టింది దివిసీమలో ఒక ఊరి సన్నాయి విద్వాంసుడు. కచ్చేరీ అయ్యాక టీ దగ్గర పలకరించాడు.

"టోపీ జేబులో ఎందుకు మౌల్వీసాబ్? నేను సన్నాయి జేబులో పెట్టుకోలేను కదా!"

నాకు మాట రాలేదు. ఆయనే మళ్లీ, "ముందుకొచ్చి కూర్చోండి. ముందు వరుసలో పెద్దలంతా కునికిపాట్లు పడుతుంటే నేను ఎవరికి వాయించాలి?" అన్నాడు. అప్పటినుంచి ముందే కూర్చుంటున్నాను.

ఇప్పుడు ముందు వరుసలో చోటుకు కొదవలేదు. ఆ మధ్య ఒక పెళ్లికి వెళితే ముహూర్తం వేళ పది నిమిషాలు ఆయన్ను వాయించనిచ్చి, ఆపైన డీజే పెట్టారు. ఆ పెట్టెల ముందు డోలు వాయించే అతను కర్రలు సంచిలో వేసుకున్నాడు. ఆయన కొడుకులిద్దరిలో ఒకడు ఆటో నడుపుతున్నాడు, రెండోవాడు విజయవాడలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. సన్నాయి ముట్టుకోలేదు. నేర్చుకోమని తండ్రి కూడా అడగలేదట. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ దంపతులకు నాదస్వరానికే పద్మశ్రీ వచ్చిందని చెబితే, "వాళ్లకు వినేవాళ్లు దొరికారు" అని మాత్రం అన్నాడు.

మొన్న శ్రీరామనవమికి అదే ఊరు వెళ్లాను. లెక్కపెడితే పందిట్లో పదకొండుమంది ఉన్నాం. ఆయన మోహన రాగం ఎత్తుకుని నడిపిస్తుండగా మసీదులో ఇషా అజాన్ మొదలైంది. సన్నాయి ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. డోలూ ఆగింది. పందిట్లో ఎవరూ కదల్లేదు. అజాన్ అయ్యాక నావైపు చూశాడు. జమాత్‌కు ఇంకా పావుగంట ఉంది.

"మళ్లీ అదే, మొదట్నుంచి" అన్నాను.