అక్కడ బతాకా, ఇక్కడ బియ్యం కార్డు

కొత్తపేట మెయిన్ రోడ్డులోని మందుల షాపులకు అప్పుడప్పుడు అరబిక్ అక్షరాల డబ్బాలు వస్తుంటాయి. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లో, అక్కడి పని మానుకుని వచ్చేసినవాళ్లో తెచ్చుకున్న మందులవి. “ఇవే బిళ్లలు కావాలండీ” అంటూ డబ్బా కౌంటరు మీద పెడతారు. షాపాయన దాన్ని తిప్పి ఇంగ్లిషు ఉన్న వైపు చదువుకుని, “పేరు వేరమ్మా, మందు అదే. షుగరుదే” అని మన కంపెనీ స్ట్రిప్పు తీసిస్తాడు. మందు దొరుకుతుంది. కానీ అది ఎప్పుడు మొదలుపెట్టారు, అప్పట్లో షుగరు ఎంత ఉండేది, కిడ్నీ పరీక్ష ఎన్నాళ్ల కిందట చేశారు అని ఇక్కడి డాక్టరు అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. ఆ వివరాలు కువైట్ ఆసుపత్రి కంప్యూటర్లో, ఇప్పుడు చెల్లని ఒక నంబరు కింద ఉండిపోతాయి.

కొత్తపేట, పి.గన్నవరం, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి – కోనసీమలో ఎటు వెళ్లినా గల్ఫ్ డబ్బుతో లేచిన డాబా కనిపిస్తుంది. మగవాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా, వంటవాళ్లుగా వెళితే, ఆడవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఇళ్లలో పనికి. గల్ఫ్ మాటల్లో చెప్పాలంటే ఖద్దామాలుగా. నెలనెలా వాళ్లు పంపే డబ్బు గురించి బ్యాంకులకు తెలుసు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ల ఒంట్లో ఏం మిగిలింది అన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. ఒకే మనిషికి రెండు దేశాల వైద్యం ఏం చేస్తోందో చూడాలంటే ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

ముందు కువైట్ సంగతి. 1946లో చమురు ఎగుమతి మొదలైన మూడేళ్లకే, 1949లో, అక్కడ అమీరీ ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు దేశాన్ని ఆరు ఆరోగ్య ప్రాంతాలుగా విభజించారు. పేటపేటకీ ఒక పాలీక్లినిక్, దాని పైన ఫర్వానియా, జహ్రా, అదాన్, ముబారక్ అల్ కబీర్ వంటి పెద్దాసుపత్రులు, గుండెకీ క్యాన్సర్‌కీ సబా ప్రాంతంలో ప్రత్యేక ఆసుపత్రులు ఉన్నాయి. దాదాపు అంతా ప్రభుత్వమే నడుపుతుంది. కువైటీ పౌరుడికి వైద్యం ఉచితం. అక్కడ నయం కాని జబ్బయితే ప్రభుత్వ ఖర్చుతోనే విదేశాలకు పంపుతారు. అక్కడి వార్డుల్లో పరికరాలు, శుభ్రత చూసినవాళ్లు మెచ్చుకోకుండా ఉండరు. మెచ్చుకోవలసిందే. ఆ వార్డుల్లో సూది వేసే చేతుల్లో చాలా భాగం కేరళ నర్సులవి.

అయితే దేశ జనాభాలో మూడింట రెండు వంతులు విదేశీయులే. వాళ్ల కోసం 1999లో ఒక చట్టం తెచ్చారు. అకామా, అంటే నివాస అనుమతి, కావాలంటే ఆరోగ్య బీమా కట్టాలి. చాలా ఏళ్లపాటు అది ఏడాదికి 50 దీనార్లు. బీమా కట్టాక కూడా ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఫీజు ఉంటుంది. 2017 అక్టోబరులో ఆ ఫీజులు పెంచారు. పాలీక్లినిక్‌లో ఒక దీనారు ఉన్నది రెండైంది, ఆసుపత్రి ఓపీలో రెండు దీనార్లు ఉన్నది పదైంది. 2022 డిసెంబరులో మందులకు వేరే రుసుము వచ్చింది. పాలీక్లినిక్‌లో అయిదు దీనార్లు, ఆసుపత్రి ఓపీలో పది. దీనారు 280 రూపాయల పైమాటే. నెలకు వంద దీనార్లు సంపాదించే మనిషి స్పెషలిస్టు డాక్టరుకు ఒక్కసారి చూపించుకుంటే జీతంలో అయిదో వంతు పోతుంది. అందుకే చాలామంది నొప్పి మాత్ర వేసుకుని పనికి వెళ్లిపోతారు. ఊరి నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో ఆవకాయ సీసా పక్కన బీపీ బిళ్లలూ వెళుతుంటాయి.

డబ్బుతో పాటు వరస కూడా వేరు. 2013లో జహ్రా ఆసుపత్రిలో ఉదయం ఓపీని పౌరులకే కేటాయించి, విదేశీయులను సాయంత్రం రమ్మన్నారు. 2018లో తెరిచిన భారీ జాబర్ ఆసుపత్రిని మొదట పౌరులకే ఉంచారు. ఇంకోవైపు, 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికుల భవనం అంటుకుని నలభై మందికి పైగా భారతీయులు చనిపోయినప్పుడు, గాయపడినవాళ్లను చేర్చుకున్న ఆసుపత్రుల్లో ఆ జాబర్ కూడా ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ దేశం చేర్చుకుంటుంది. రోజువారీ జబ్బుల దగ్గరే లెక్క మారుతుంది.

ఇంటి పనిమనిషి విషయం ఇంకా సున్నితం. 2015 నాటి 68వ చట్టం ప్రకారం ఆమె తిండి, బట్ట, మందులు, వైద్యం అన్నీ యజమాని బాధ్యతే. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవివ్వాలి, పాస్‌పోర్టు లాక్కోకూడదు. చట్టం మంచిదే. కానీ నడుం నొప్పి అని చెప్తే బాబా, మామా (యజమానిని, యజమానురాలిని అలాగే పిలవాలి) కారెక్కించి తీసుకెళ్తేనే ఆసుపత్రి. వాళ్లు దయగలవాళ్లయితే సొంత మనిషిలా చూపించిన సందర్భాలున్నాయి. కాకపోతే, “పనాడోల్ వేసుకో” అన్నదే వైద్యం. బయటికి తాళం వేసి ఉన్న ఇంట్లో ఆమె డాక్టరు దగ్గరికి సొంతంగా ఎలా వెళుతుంది?

భరించలేక ఆ ఇంటి నుంచి బయటపడితే ఖల్లివల్లి, అంటే అనుమతి లేని మనిషి, అయిపోయినట్టే. అకామా రద్దవుతుంది, బతాకా చెల్లదు. బతాకా అంటే అక్కడి సివిల్ ఐడీ కార్డు, ఆసుపత్రి కౌంటరులో మొదట అడిగేది అదే. అది లేని మనిషి జ్వరమొచ్చినా గదిలోనే ముడుచుకుని పడుకుంటుంది. ఆసుపత్రికి వెళ్తే పట్టుకుంటారని భయం. 2018లో, 2020లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మనవాళ్లు పెద్ద సంఖ్యలో బయటికొచ్చారు. వాళ్లలో ఎంతమంది ఎన్నేళ్ల జబ్బును దాచుకుని విమానమెక్కారో చెప్పగలిగేవాళ్లు లేరు.

ఇప్పుడు మన వైపు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు రోడ్డెక్కింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరూ మారింది, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. ఏడాదికి అయిదు లక్షలలోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 3,257 చికిత్సలు, పాతిక లక్షల వరకూ. బియ్యం కార్డు ఉంటే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరుకు వెళ్లాలి. అనుమతి వస్తే పైసా కట్టకుండా గుండె ఆపరేషన్ జరుగుతుంది. కొత్తపేట ప్రాంతం నుంచి ఇలా అమలాపురం, రాజమండ్రి, కాకినాడ వెళ్లి బతికి బయటపడ్డవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. డయాలసిస్ రోగికి నెలకు పదివేల పింఛనూ ఇస్తున్నారు. కువైట్‌లో విదేశీ కూలీకి ఇలాంటి భరోసా లేదు. నువ్వింకా పని చేయగలవా అని అడగకుండా వైద్యం చేసే ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది.

గౌరవం ఉన్నంత మాత్రాన లోట్లు దాచలేం. ఆపరేషన్ ఉచితం, దాని ముందు తిరిగిన తిరుగుడు ఉచితం కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీతో మొదలై, రక్తపరీక్ష, స్కానింగు, ఆటో, బస్సు, తోడొచ్చిన మనిషి కూలి పోవడం – ఇవన్నీ సొంత జేబు నుంచే. దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో జనం జేబు నుంచి పోయేది 2013–14లో 64.2 శాతం. 2021–22కి 39.4 శాతానికి తగ్గింది. తగ్గుదల పెద్దదే, మిగిలింది కూడా పెద్దదే. 2025 కల్లా ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021–22లో అది 1.84 శాతమే. 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ చికిత్సలు ఆపేశాయి. అలాంటి రోజుల్లో చేతిలో కార్డుతో గేటు దగ్గర నిలబడ్డ మనిషికి పాతిక లక్షల హామీ ఏం పనికొస్తుంది? హామీ ఇచ్చిన ప్రభుత్వం బిల్లులు వేళకు కట్టడం కూడా వైద్యంలో భాగమే.

ఈ రెండు వ్యవస్థల మధ్య నలిగేది గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనిషి. వయసులో ఉన్న ఏళ్లు అక్కడ గడిచిపోతాయి, జబ్బు చేసే ఏళ్లు ఇక్కడ మొదలవుతాయి. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకూ ఆరుబయట పని నిషేధించారంటేనే ఆ ఎండ ఎలాంటిదో అర్థమవుతుంది. నీళ్లు తక్కువ తాగి, ఒంటికి వెళ్లడం ఆపుకుని, నిద్ర చాలక, మూడు పూటలా అన్నం వేళ తప్పి గడిపిన ఏళ్లకు కిడ్నీలు, మోకాళ్లు, బీపీ, షుగరు మెల్లగా జవాబు చెప్తాయి. అప్పటికి కువైట్ బతాకా చెల్లదు. ఇక్కడేమో ఏళ్ల తరబడి ఊళ్లో లేని మనిషి పేరు బియ్యం కార్డులో ఉందా, ఈకేవైసీ అయ్యిందా అని సచివాలయం చుట్టూ తిరగడంతో మొదలు. జబ్బు ఆగదు కదా.

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైనవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు వస్తాయి. గడువు తీరాక దాన్ని కొనసాగించుకోవాలన్న సంగతి పని చేసే ఇంట్లో ఉన్న మనిషికి గుర్తుచేసేవాళ్లు లేరు. పైగా అది ప్రధానంగా ప్రమాదానికి ఆదుకునేది, పదేళ్ల చాకిరీ తెచ్చిన జబ్బుకు పెద్దగా పనికిరాదు. కేరళ 2025లో నోర్కా కేర్ పేరుతో ప్రవాసులకు అయిదు లక్షల ఆరోగ్య బీమా తెచ్చింది. గల్ఫ్ డబ్బుతో నిలబడ్డ కోనసీమ, కడప జిల్లాలున్న రాష్ట్రం ఆ దారి పట్టడానికి ఎందుకు ఆలోచించాలో నాకు అర్థం కాదు.

అన్నిటికన్నా నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. వెళ్లే ముందు గల్ఫ్ మెడికల్ ఎంత గట్టిగా చేస్తారో వెళ్లినవాళ్లను అడగండి. ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు. ఎప్పుడో తగ్గిపోయిన క్షయ మచ్చ ఊపిరితిత్తిలో కనబడినా అన్‌ఫిట్. కువైట్‌లో దిగాక మళ్లీ ఇంకోసారి పరీక్షలు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక్క పరీక్షా లేదు, రెండు దేశాల్లో ఎవరూ చేయరు. అమలాపురం కలెక్టరేట్‌లో గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల కోసం వలస కేంద్రం నడుస్తోంది. వాళ్లను వెనక్కి రప్పించే ఆ కేంద్రమే, వచ్చినవాళ్లను నెలలోపు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి పంపే బాధ్యత తీసుకోవచ్చు. బీపీ, షుగరు, క్రియాటినిన్, ఛాతీ ఎక్స్‌రే. ఆడవాళ్లకు గర్భాశయ, రొమ్ము పరీక్షలు, వినే ఓపిక ఉన్న ఒక నర్సు. ఫలితాలను 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు కింద ఎక్కిస్తే రేపు కాకినాడ వెళ్లినా డాక్టరు ముందు అవి ఉంటాయి. కువైట్‌లో పని మానేసేవాళ్లు బతాకా చెల్లుబాటులో ఉండగానే తమ ఆసుపత్రి నుంచి మెడికల్ రిపోర్టు తీసుకుని రావాలి. ఈ మాట ఫోనులో చెప్పాల్సింది ఇంటివాళ్లే. “ఎంత పంపుతున్నావు” అని అడిగే వీడియో కాల్‌లోనే, “కాగితాలు తీసుకున్నావా అక్కా” అని కూడా అడగండి.