పాత ఓమ్నీ నడుము

ఉద్దానపు తోటల నుండి కొబ్బరికాయలును, పలాసకు పోవు 80 కిలోల జీడిపిక్కల బస్తాలును మోసి మోసి వెనుకభాగము క్రుంగిన పాత మారుతీ ఓమ్నీని చూడనివారు ఈ ప్రాంతమున అరుదు. 1984లో వెలువడి 2019లో తయారీ నిలిచిన ఈ వ్యానునకు ముందు చుట్టు స్ప్రింగులును, వెనుక జట్కాబండి నాటి కమాను పట్టీలును కలవు.

ఇంటనే మరమ్మతు చేయబూనువారు ముందు చక్రములకు రాళ్లడ్డము పెట్టి, జాకీనొక్కదానినే నమ్మక బాడీక్రింద బలమైన స్టాండ్లు నిలిపి, యూ బోల్టులకు ముందురాత్రియే నూనె పోసి (సముద్రపు గాలికి తుప్పెక్కని బోల్టును నేనింతవరకు చూడలేదు), పట్టీల కట్టను విప్పి చూచినయెడల, లోపము పలుమారులు ఉక్కునందుగాక అరిగిన రబ్బరు బుష్షులందే కనబడును. విరిగిన పట్టీని మార్చి, క్రొత్త యూ బోల్టులు వేసి, బండి బరువు చక్రములపై దిగిన పిదపనే బుష్షు బోల్టులను తుదిగా బిగింపవలెను. చక్రములు వ్రేలాడుచుండగా బిగించిన రబ్బరు మెలిపడి త్వరలోనే చిరుగును.

అదనపు పట్టీ చేర్చినచో వెనుకభాగము లేచుట నిజమే. కాని ఖాళీబండి గుంతలలో ఎగిరిపడును, అసలే సన్నగా, ఎత్తుగా నున్న వ్యానునకు మలుపులలో బోల్తాపడు ముప్పు మరింత పెరుగును. పైగా, రిజిస్ట్రేషను పత్రమున నమోదైన నిర్మాత వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పియున్నది. ముందు స్ప్రింగును మాత్రము, దానిని అణచిపట్టు సాధనము లేనిదే, ఎవరును విప్పవలదని మనవి.