హైటెక్ సిటీ పేరులో ఎన్ని ఇంగ్లీషు మాటలున్నాయో చెప్పుకోండి!

మెట్రోలో అమీర్‌పేట నుంచి రాయదుర్గం వైపు వెళ్ళేటప్పుడు మీ పిల్లలు సెల్‌ఫోను కోసం పేచీ పెడతారా? అయితే ఈసారి ఫోను బ్యాగులోనే ఉంచి స్టేషను బోర్డు చూపించండి. "ఆ ఇంగ్లీషు అక్షరాలతో ఎన్ని మాటలు వస్తాయో చెప్పు చూద్దాం" అనండి. పైసా ఖర్చు లేని ఆట. కాగితం, పెన్సిలు ఉంటే మరీ మంచిది.

"మాకు ఇంగ్లీషు అంతగా రాదండీ" అని పేజీ తిప్పెయ్యకండి. నేనూ ఇంటర్మీడియెట్ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఈ ఆటకు గడగడా మాట్లాడే నోరు అక్కర్లేదు, బియ్యంలో రాళ్ళు ఏరే కన్ను చాలు. కొండాపూర్, మాదాపూర్ అపార్టుమెంట్లలో హోంవర్కు దగ్గర "నీకు తెలీదులే అమ్మా" అనే మాట ఎన్ని ఇళ్ళల్లో వినపడుతుందో మీకు వేరే చెప్పాలా? ఈ ఆటలో మాత్రం అమ్మా, ఇంజనీరింగ్ చదివే కొడుకూ సరిసమానం.

ముందు హైటెక్ సిటీనే తీసుకుందాం. చాలామంది అది 'హై టెక్నాలజీ'కి పొట్టిపేరు అనుకుంటారు. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ అనే పొడుగుపేరులోని మొదటి అక్షరాలవి. హెచ్, ఐ, టి, ఇ, సి. 1998లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పట్నుంచీ ఈ ఐదక్షరాలు మన కళ్ళముందే తిరుగుతున్నాయి.

వీటితో హిట్, ఐస్, టై సులువుగా వస్తాయి. నాలుగక్షరాలవి కావాలంటే ఐ, టి, సి, హెచ్ కలిపితే ఇచ్, అంటే దురద. సి, హెచ్, ఐ, టి అయితే చిట్, అంటే చీటీ. మరి ఐదూ వాడితే? ఇ, టి, హెచ్, ఐ, సి. ఎథిక్! అంటే నీతి, ధర్మం. పేరు పెట్టినవాళ్ళు ఇది చూసుకున్నారో లేదో గానీ, అక్షరాల్లో మాత్రం నీతి దాగి ఉంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రాయదుర్గం స్టేషను బోర్డు మీద ఆర్, ఎ, ఐ, డి, యు, ఆర్, జి అని ఉంటుంది. మొదటి నాలుగూ చదవండి, రెయిడ్, అంటే దాడి. అందులోనే అటూ ఇటూ చేసి జి, యు, ఎ, ఆర్, డి పేరిస్తే గార్డ్, అంటే కాపలా. దుర్గమంటే కోటే కదా! దాడీ, కాపలా రెండూ పేరులోనే ఉన్నాయి. గచ్చిబౌలిలో అక్షరాలు కదపకుండానే బౌల్ కనిపిస్తుంది, మన వంటింటి గిన్నె. కొండాపూర్‌లో పౌండ్, రౌండ్, డార్క్, పార్డన్ ఉన్నాయి. మాదాపూర్‌లో డ్రమ్, హార్డ్, డ్రామా.

మాటలు దొరకాలంటే కొంచెం కిటుకుండాలి. పేరును వరసగా రాస్తే కన్ను ఆ వరసనే పట్టుకుంటుంది, కొత్తమాట కనపడనివ్వదు. అందుకని అక్షరాల్ని గుండ్రంగా రాయండి, ముగ్గు చుక్కల్లాగా. ఎ, ఇ, ఐ, ఓ, యు పక్కన పెట్టుకుని, మిగతావాటిని వాటికి చెరోవైపు అతికించి చూడండి. సి, హెచ్ లాంటి జంటలుంటే ముందు వాటిని పట్టుకోండి. 'ఇ' కనిపిస్తే వదలకండి. 1930లలో అమెరికాలో ఉద్యోగం పోయిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు, పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. అలా పుట్టిన ఆటకే 1948లో స్క్రాబుల్ అని పేరొచ్చింది. అందులో 100 బిళ్ళలుంటే 'ఇ' బిళ్ళలే 12. క్యూ, జెడ్ ఒక్కొక్కటే.

ఐదక్షరాల్ని 120 రకాలుగా పేర్చవచ్చు. ఏడైతే 5,040 రకాలు! మరి కంప్యూటరు ఇవన్నీ పేర్చి చూస్తుందా అంటే అక్కర్లేదు. ప్రతి మాటలోని అక్షరాల్నీ ఎ, బి, సి, డి వరసలో సర్దేస్తుంది. హైటెక్ అయినా, ఎథిక్ అయినా సర్దితే సి, ఇ, హెచ్, ఐ, టి అనే వస్తుంది. ఒకే చీటీ అంటించినవన్నీ ఒకే డబ్బాలోకి! మనం పోపులపెట్టె సర్దుకునే తెలివేగా ఇది?

ఈ ఆట తెలుగులో ఆడలేమా అంటారేమో. ఆడవచ్చు. కలప అనే మాటను అటూ ఇటూ చేస్తే పలక వస్తుంది. కానీ మన 'మి'లో గుడి 'మ'ని అతుక్కునే ఉంటుంది, ఇంగ్లీషులోలాగా విడదీసి ఇంకోదానికి తగిలించలేం. మనకు గళ్ళనుడికట్లు బాగా కుదిరాయి. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళే వారపత్రికలకు వాటిని కూర్చారు.

ఇక మార్కులు. మూడక్షరాల మాటకు ఒకటి, నాలుగుకు రెండు, ఐదుకు నాలుగు, మొత్తం వాడేస్తే పది. బోర్డు మీద ఒక అక్షరం ఎన్నిసార్లుంటే అన్నిసార్లే వాడాలి. ఫోనులో అక్షరాలు కొడితే మాటల జాబితా వచ్చేస్తుంది, ఆ సంగతి పిల్లలకు మనకంటే బాగా తెలుసు. ఆట అయ్యాక సరిచూసుకోవడానికే ఫోను తియ్యనివ్వండి.

ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టండి. మాటకు అర్థం తెలుగులో చెబితేనే మార్కులు. పిల్లాడు పార్డన్ అని ఠక్కున పట్టేస్తాడు, తెలుగులో ఏమంటారంటే దిక్కులు చూస్తాడు. "మన్నించడం" అని మీరు చెప్పండి. ఆ మార్కులు మీవే! వాడికి ఇంగ్లీషు మాట దొరికింది, మీ దగ్గర తెలుగు మాట నేర్చుకున్నాడు. ఆ రోజుకు "నీకు తెలీదులే" అనడు.

ఇప్పుడు మీ వంతు. సైబరాబాద్. సి, వై, బి, ఇ, ఆర్, ఎ, బి, ఎ, డి. ఇందులో పొద్దున టిఫినుకు పనికొచ్చేది ఒకటుంది, మగవాళ్ళ గడ్డం ఒకటుంది. విచిత్రమేమిటంటే రెండింటికీ అవే ఐదక్షరాలు. కుక్కరు మూడు కూతలు కూసేలోగా పట్టుకోండి చూద్దాం!