పందొమ్మిదేళ్ళకు మూసుకునే తలుపు

సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని మన సంఘం మిత్రులు అడిగారు. "ఆటల గది వదలనివాడివి, ఆ టేబుల్ టెన్నిస్ గురించే రాసెయ్యి" అని సలహా కూడా వాళ్ళే ఇచ్చారు. చెప్పుకోడానికి నేను గెలిచిన కప్పులేవీ లేవు. అందుచేత ప్రపంచ యువ టేబుల్ టెన్నిస్ పోటీలంటే ఏమిటో, వాటికీ మా పలాస, టెక్కలి, ఉద్దానం పిల్లలకీ ఎంత దూరమో చెప్పదలిచాను.

అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య 1926లో ఏర్పడింది. పెద్దల ప్రపంచ పోటీలు ఆ ఏడే లండన్‌లో మొదలయ్యాయి. పిల్లలకంటూ ప్రపంచ జూనియర్ పోటీలు రావడానికి మాత్రం 2003 దాకా పట్టింది. మొదటివి చిలీ దేశపు శాంటియాగోలో జరిగాయి. 2021 నుంచి వీటినే ప్రపంచ యువ పోటీలంటున్నారు. పందొమ్మిదేళ్ళ లోపువారికి ఒక విభాగం, పదిహేనేళ్ళ లోపువారికి మరొకటి. రెండింటిలోనూ జట్టు పోటీలు, సింగిల్స్, డబుల్స్, మిక్సెడ్ డబుల్స్ ఉంటాయి.

ఈ పోటీలు ఒకసారి తెలుగునాటికీ వచ్చాయి. 2012 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన జూనియర్ పోటీల్లో బాలుర సింగిల్స్ గెలిచినవాడు చైనాకు చెందిన ఫాన్ జెన్‌డాంగ్. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు! 2024లో పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం కూడా అతనిదే. ఆ హైదరాబాదు అమ్మాయే ఆకుల శ్రీజ. ఆ పోటీలనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్సెడ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. పారిస్‌లో సింగిల్స్ చివరి పదహారుమందిలో నిలిచింది.

ఇంత చిన్న వయసులో ఇదెలా సాధ్యం అంటారా? ఆట స్వభావం అటువంటిది. బంతి బరువు 2.7 గ్రాములు. మా పలాస లెక్కలో చెప్పాలంటే 180 నెంబరు జీడిగుండు కంటె కాస్త ఎక్కువ, అంతే. బల్ల పొడవు తొమ్మిదడుగులు. అవతలివాడు కొట్టిన బంతి రెప్పపాటులో మన ముందుంటుంది. పైకి రాస్తూ కొడితే అది ముందుకు తిరుగుతూ వచ్చి, బల్ల తాకగానే దూకుతుంది. కింద నుంచి కోస్తే వెనక్కి తిరుగుతూ వచ్చి, మన బ్యాటుకు తగిలి నెట్‌లో పడుతుంది. ఏ తిరుగుడో అవతలి బ్యాటు కదలికను చూసి కనిపెట్టాలి. ఆలోచించుకునే వ్యవధి ఉండదు. వేలసార్లు చూసిన కన్ను, వేలసార్లు తిరిగిన మణికట్టు వాటంతటవే పని చెయ్యాలి. ఆ అలవాటు ఏడెనిమిదేళ్ళకు మొదలుకావాలి.

ఇక నా కథ. మా ఊరు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర. బడి వరండాలో రెండు బెంచీలు కలిపి, మధ్య చెప్పులు పేర్చి, పరీక్ష అట్టలతో ఆడేవాళ్ళం. సముద్రపు గాలి లేచిందంటే బంతి జీడితోటలో పడేది. "ఏట్రా గుంటలూ, పిట్టగుడ్లు ఎతుకుతున్నారేటి?" అని మామ్మ నవ్వేది. రబ్బరున్న అసలు బ్యాటు నా చేతికి వచ్చింది ఈ కాలేజీలోనే, పందొమ్మిదో ఏట. అంటే ప్రపంచం తలుపు మూసేసిన రోజున నేను గుమ్మం దగ్గరికి చేరానన్నమాట! ఒకసారి విశాఖలో మిత్రుడి తమ్ముడు, పదమూడేళ్ళవాడు, నన్ను 11-2తో ఓడించాడు. "అన్నయ్యా, నువ్వు బంతిని చూస్తున్నావు, నా చెయ్యి చూడట్లేదు" అన్నాడు. నా గదిలో ఉన్న టెక్కలి మిత్రుడిదీ, పలాస మిత్రుడిదీ ఇదే అనుభవం. మా ముగ్గురి బడుల్లోనూ బల్ల లేదు.

మన జిల్లా నేలలో సత్తా లేదనుకుంటే పొరపాటు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. ఆమె బరువులు ఎత్తడం మొదలుపెట్టింది పన్నెండేళ్ళకే. ఆ వయసుకే నేర్పేవారూ, సాధనకు చోటూ దొరికాయి. తేడా అంతా అక్కడుంది.

మరి మాకు చోటెక్కడిదంటారా? ఈ ఆటకు మైదానం అక్కర్లేదు. గాలి చొరబడని గది కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసిన సంగతి మీకు తెలుసు. అటువంటి రోజులకోసం మా తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. గోడలు గట్టివి, గాలికి అడ్డు. తుఫాను లేని రోజుల్లో ఖాళీగా ఉండే షెల్టర్లో ఒక మడతబల్ల వేస్తే ఎవరికి నష్టం? తుఫాను హెచ్చరిక రాగానే మడిచి గోడకు చేర్చవచ్చు.

మన సంఘాన్ని నేను కోరేది ఒక్కటే. ఆటల గదికి కొత్త బల్లలు కొన్న ఏడు, పాతవాటిని పారెయ్యకుండా అధికారుల అనుమతితో ఒకటి ఉద్దానానికి పంపుదాం. పూర్వ విద్యార్థులు రబ్బరు బ్యాట్లు నాలుగు ఇవ్వగలరు. వేసవి సెలవుల్లో సర్వీసు, కోత, తిప్పుడు నేర్పే పని నాలాంటి ఓడినవాళ్ళం చూసుకుంటాం.

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు. మొన్న సంక్రాంతికి వెళ్తే పరీక్ష అట్ట పట్టుకుని, "మావయ్యా, ఆడదాం రా" అన్నాడు. పదిహేనేళ్ళ లోపు విభాగానికి వాడికింకా టైముంది. ప్రపంచ పోటీలకు వెళ్తాడని నేననను. కాని తలుపు తెరిచి ఉండగానే గుమ్మం దాకా తీసుకెళ్ళడం మన చేతిలో పని.