కుందేలు ఒకే మూలను ఏల ఎన్నుకొనును?

ఇంటిలో పెంచుకొను కుందేలు మలమూత్రములకు తరచుగా ఒకే మూలకు పోవుట చూచి, దానికి ఈ శుచిత్వమును నేర్పినవారెవరని మీరు ఆశ్చర్యపడవచ్చును. దాని పూర్వీకులైన ఐరోపా అడవికుందేళ్లు నేలలో బొరియలు త్రవ్వుకొని గుంపులుగా నివసించుచు, తమ పరిధిని ఇతరులకు వాసనచే తెలుపుటకై కొన్ని నియతస్థలములందే పెంటికలను రాశిగా విడుచును. ఆ స్వభావమే ఇంటి కుందేలునందును నిలిచియున్నది.

కావున అది కోరిన మూలనే అంచు తక్కువగల వెడల్పైన తొట్టిని ఉంచి, అడుగున కాగితపు గుళికలు పరచి, ఒక ప్రక్క ఎండుగడ్డిని సమృద్ధిగా వేయవలెను. ఏలయన కుందేలు మేయుచునే విసర్జించు జంతువు, గడ్డి యున్నచోట చాలసేపు కూర్చుండును. దేవదారు రంపపుపొట్టు కాలేయమునకును, తడిసినంతనే గడ్డకట్టు మట్టి మ్రింగినచో ప్రేగులకును హాని చేయును గనుక వాటిని వాడరాదు. వెలుపల పడిన పెంటికలను తొట్టిలోనే వేసి, నేలమీది మూత్రపు మరకలను నీరు కలిపిన వెనిగర్‌తో తుడిచినచో, వాసనయే దానికి దారి చూపును.

గద్దించుట, కొట్టుట ఎన్నడును కూడదు. అట్లు చేసినచో సహజముగనే భీరువైన ఆ ప్రాణి మిమ్ము చూచి దాగుకొనును. 4 నుండి 6 మాసముల ప్రాయమున, యౌవనోదయముచే అది మరల అచ్చటచ్చట మూత్రము చిమ్మసాగినచో, పశువైద్యునిచే సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించుట మేలు.