పాత కార్డు, కొత్త నీరు



మా తాతగారు దాచిన ఒక పాత బొమ్మ పోస్టుకార్డు నా బైబిలులో ఉంది. అది గండికోట బొమ్మ. రెండువైపులా ఎర్రని కొండగోడలు, అడుగున బండల నడుమ సన్నని పాయగా పెన్న. నేడు యాత్రికులు తీసే ఫోటోలలో అదే లోయలో నీరు నిలిచి కనబడుతుంది.

కొండ మారలేదు, నది మారింది. మార్చినది మనిషే. దిగువన మైలవరం ఆనకట్ట, ఎగువన 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయం కట్టాము. శ్రీశైలం నుండి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా కృష్ణా వరదనీటిని ఆ జలాశయానికి తెచ్చుకున్నాము.

ఈ నీటికి వెల చెల్లించినవారున్నారు. 1981లో శ్రీశైలం జలాశయం క్రింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. వేసవిలో నీరు తగ్గితే సంగమేశ్వరం పాత గుడి నేటికీ బయటపడుతుంది. 2020లో గండికోట నీరు తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి వచ్చింది.

బిందెడు నీళ్ళకు మన తల్లులు మైళ్ళు నడిచిన సీమ ఇది. ఇక్కడ నీరు వద్దని ఎవరనగలరు? అయితే తోటను సాగుచేయమన్న దేవుడే దానిని కాపాడమని కూడా ఆదాముకు అప్పగించాడు. మన పైరు తడిసిన రోజున, ఇల్లు విడిచిన కుటుంబాన్ని మరువరాదు.

మీ పెట్టెలో పాత ఫోటో ఉందా? దాని వెనుక ఊరిపేరు, సంవత్సరం వ్రాయండి. ఆ వంక, ఆ చింతచెట్టు ఎక్కడుండేవో పిల్లలకు చెప్పండి. మునిగిన ఊరికి ఆ కాగితమే మిగిలిన పొలిమేర కావచ్చు.